రాబోయే పలచటి ల్యాప్‌టాప్ మీద వచ్చే పుకార్లను జల్లెడ పట్టి, కొనాలా ఆగాలా ఎలా తేల్చుకోవాలి?

ఏదో ఒక కంపెనీ కొత్త పలచటి ల్యాప్‌టాప్ తెస్తోందని చిన్న కబురు పొక్కితే చాలు, అదిగో పులి అంటే ఇదిగో తోక అన్నట్టు మొదలవుతుంది. బరువు కిలో లోపేనట. ఫ్యాన్ ఉండదట. ఒకసారి చార్జ్ చేస్తే రెండు రోజులొస్తుందట. స్క్రీన్ ఓఎల్ఈడీయేనట, అంటే ప్రతి చుక్కా తనంతట తనే వెలిగే రకం. వీటిలో కొన్ని ఫ్యాక్టరీ నుంచి జారిపడ్డ నిజాలు, మరికొన్ని ఎవరో అభిమాని మనసులోని కోరికలు. చదివేటప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి, చిక్కంతా అక్కడే. ఈలోగా మన పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ గంటకే చేతులెత్తేస్తుంటుంది. ఇప్పుడే కొంటే వచ్చే నెల అంతకన్నా మంచిది వస్తుందేమోనని టెన్షన్. ఆగుదామంటే ఎన్నాళ్లో తెలియదు.

పుకార్లు చదవడం మానేయమని చెప్పను. అందులో సరదా ఉంది, నేనూ చదువుతాను. కాకపోతే ఒక వరసలో చదివితే బుర్ర పాడవదు, డబ్బూ వృథా కాదు.

1. ముందు మీ కోరికలు కాగితం మీద పెట్టండి

ఇది పుకార్లు చదవకముందే చేయాల్సిన పని. చదివాక రాస్తే, మీకేం కావాలో కాకుండా వాళ్లేం ఇస్తారో రాసేస్తారు. రెండు వరసలు చాలు: ‘ఇది లేకపోతే కొనను’, ‘ఉంటే బాగుంటుంది’.

మొదటి వరసలో ఏం పెట్టాలో చాలామంది తికమకపడతారు. నేను పాటించే సూత్రం ఒకటే: కొన్నాక మార్చుకోలేనివన్నీ మొదటి వరసలోకి. పలచటి ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ దాదాపు ఎప్పుడూ మదర్‌బోర్డుకి అతికించే ఉంటుంది. 2024 సెప్టెంబరులో వచ్చిన ఇంటెల్ లూనార్ లేక్ చిప్‌లలో అయితే మెమరీని, అంటే ఆ ర్యామ్‌నే, ఏకంగా ప్రాసెసర్ ప్యాకేజీలోనే పెట్టేశారు, గరిష్ఠంగా 32 జీబీ. తర్వాత పెంచుకుందాంలే అనే మాటే లేదు. కీబోర్డు, స్క్రీన్, పోర్టులు కూడా అంతే. వెబ్‌క్యామ్ బాగోలేకపోతే బయట ఇంకోటి తగిలించుకోవచ్చు, స్టోరేజ్ చాలకపోతే బయటి ఎస్ఎస్‌డీ పెట్టుకోవచ్చు. వాటిని రెండో వరసలో వేయండి.

ర్యామ్ విషయంలో ఒక మాట. మైక్రోసాఫ్ట్ కోపైలట్ ప్లస్ పీసీలకు, అంటే ఏఐ పనుల కోసమని అది పేరుపెట్టిన విండోస్ కంప్యూటర్లకు, 16 జీబీ కనీసమని పెట్టింది. యాపిల్ కూడా 2024 అక్టోబరులో మ్యాక్‌బుక్ ఎయిర్‌లను 16 జీబీ నుంచే మొదలుపెట్టింది. కాబట్టి రాబోయే మోడల్ 8 జీబీతో వస్తుందని వినిపిస్తే, ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేయండి.

2. కబురు ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి

తళతళలాడే బొమ్మలకు అన్నిటికన్నా తక్కువ విలువ. కంప్యూటర్‌లో త్రీడీ బొమ్మ గీయడం వచ్చిన ఎవరైనా ఒక సాయంత్రంలో రాబోయే ల్యాప్‌టాప్‌ని ‘విడుదల’ చేయగలరు. వాటిని చూసి ఆనందించండి, నమ్మొద్దు.

దానికన్నా ఒక మెట్టు పైన విడిభాగాల కంపెనీల నుంచి వచ్చే కబుర్లు ఉంటాయి. ఫలానా సైజు స్క్రీన్‌లకు ఆర్డర్ వెళ్లిందట అన్నది చాలావరకు ఏదో ఆధారంతోనే పుడుతుంది. కానీ ఆ స్క్రీన్ ఏ మోడల్‌కి, ఏ సంవత్సరానికి అన్నది ఊహే. వేగం కొలిచే బెంచ్‌మార్క్ జాబితాల్లో కొత్త పేరు కనిపించిందనే వార్తలూ వస్తుంటాయి. పరికరం పేరుని నకిలీగా పెట్టడం పెద్ద కష్టం కాదు కాబట్టి ఒక్క ఫలితాన్ని పట్టుకుని వేలాడొద్దు.

నేను కాస్త గౌరవం ఇచ్చేది ప్రభుత్వ, ప్రమాణ సంస్థల నమోదులకు. అమెరికాలో అమ్మాలంటే వైఫై, బ్లూటూత్ ఉన్న ప్రతి పరికరానికీ అక్కడి సమాచార ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ అనుమతి కావాలి. యాపిల్ కొత్త మోడల్ నంబర్లు రష్యా, దాని పొరుగు దేశాల కూటమికి చెందిన యురేషియన్ ఎకనామిక్ కమిషన్ జాబితాల్లో ముందే కనబడటం చాలాసార్లు జరిగింది. బ్లూటూత్ సంస్థకీ ఇలాంటి జాబితా ఉంది. కొత్త చిప్‌ల పేర్లయితే లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి కంపెనీలే పంపే డ్రైవర్ కోడ్‌లో (చిప్‌ని నడిపించే కోడ్) నెలల ముందే దొరుకుతుంటాయి. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటే: ఈ కాగితాలు వస్తువు వస్తోందని చెబుతాయి, బాగుంటుందని చెప్పవు. ఎఫ్‌సీసీ నమోదులో కూడా ఫొటోలు, మాన్యువల్ లాంటివి విడుదలయ్యే దాకా దాచి ఉంచమని కంపెనీలు అడుగుతాయి.

3. చిప్ క్యాలెండర్‌తో సరిచూడండి

చిప్ రాకుండా ల్యాప్‌టాప్ రాదు. జనవరిలో లాస్ వేగాస్‌లో సీఈఎస్, మే నెలాఖరు, జూన్ మొదట్లో తైపీలో కంప్యూటెక్స్, సెప్టెంబరులో బెర్లిన్‌లో ఐఎఫ్ఏ: విండోస్ ల్యాప్‌టాప్‌ల ప్రకటనలు ఎక్కువగా ఈ మూడు ప్రదర్శనల్లోనే జరుగుతాయి. ప్రకటనకీ చేతికందడానికీ మధ్య దూరం మాత్రం ఎంతైనా ఉండొచ్చు. క్వాల్‌కామ్ తన ల్యాప్‌టాప్ చిప్ స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ఎలైట్‌ని 2023 అక్టోబరులో చూపించింది, దానితో నడిచే ల్యాప్‌టాప్‌లు అమ్మకానికి వచ్చింది 2024 జూన్ 18న. మధ్యలో దాదాపు 8 నెలలు. ‘త్వరలో’ అన్న మాటని ఈ లెక్కలో చదువుకోవాలి.

4. బరువు, బ్యాటరీ, వేడి: ఈ మూడింటికీ లెక్క వేయండి

పుకార్లలో సగం ఇక్కడే రాలిపోతాయి. ఉదాహరణకి ఇలాంటి ఒక పుకారు తీసుకుందాం: 900 గ్రాములు, 20 గంటల బ్యాటరీ, ఫ్యాన్ లేదు, పెద్ద ప్రకాశవంతమైన ఓఎల్ఈడీ.

మొదట బ్యాటరీ. ల్యాప్‌టాప్‌లో వాడే లిథియం సెల్స్ కిలోకి సుమారు 250 వాట్ అవర్లు నిలువ చేస్తాయి (ఒక వాట్ చొప్పున గంట సేపు వాడితే ఖర్చయ్యేది ఒక వాట్ అవర్). అంటే 50 వాట్ అవర్ల బ్యాటరీకే దాదాపు 200 గ్రాములు పోతాయి. దాన్ని రెట్టింపు చేస్తే ఇంకో 200 గ్రాములు. పైగా విమానాల్లో ప్రత్యేక అనుమతి లేకుండా తీసుకెళ్లగలిగేది 100 వాట్ అవర్ల వరకే కాబట్టి, ఎంత పెద్ద ల్యాప్‌టాప్ చేసినా కంపెనీలు ఆ గీత దగ్గరే ఆగిపోతాయి. 900 గ్రాముల యంత్రంలో అంత బ్యాటరీ ఎవరూ పెట్టరు. 50 దరిదాపుల్లో ఉంటుందనుకోవడమే సబబు. పోలికకి, యాపిల్ ఎం2 చిప్‌తో 2022లో వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్ బరువు 1.24 కిలోలు, బ్యాటరీ 52.6 వాట్ అవర్లు.

ఇప్పుడు భాగహారం. 50 వాట్ అవర్లు 20 గంటలు రావాలంటే స్క్రీన్, చిప్, వైఫై అన్నీ కలిపి సగటున రెండున్నర వాట్లే తాగాలి. వెలుతురు తగ్గించి ఒక సినిమా చూస్తుంటే అది సాధ్యమే, ఎందుకంటే వీడియో విప్పడానికి చిప్‌లో విడిగా ఒక భాగం ఉంటుంది, అది చాలా తక్కువ కరెంటు వాడుతుంది. కానీ ఇరవై ట్యాబులు తెరిచి, పక్కన వీడియో కాల్ నడుస్తుంటే వాడకం 7 వాట్లకి చేరిందనుకోండి, అదే బ్యాటరీ ఏడు గంటలు. పుకారు అబద్ధం కాకపోవచ్చు, మీ రోజు మాత్రం అలా గడవదు. ఓఎల్ఈడీకి ఇంకో మెలిక ఉంది: నల్లటి తెరమీద పొదుపు, తెల్లటి పేజీ మీద దుబారా. రోజంతా డాక్యుమెంట్లు, స్ప్రెడ్‌షీట్లు చూసేవాళ్లకి ఇది పట్టించుకోవాల్సిన విషయమే.

తర్వాత వేడి. ఫ్యాన్ లేకుండా బతకడం ఎం1 చిప్‌తో 2020 నవంబరులో వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్ చక్కగా చేసి చూపించింది. అయినా అదే చిప్‌ని ఫ్యాన్‌తో పెట్టిన 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో, ఎక్కువసేపు భారం మోపినప్పుడు దాన్ని దాటిపోయేది. బ్రౌజింగ్, రాతపని, మీటింగులు అయితే ఫ్యాన్ లేకపోవడం వరమే. ఎడిట్ చేసిన వీడియోని అరగంట పాటు ఫైలుగా మార్చే పని మీదైతే, ‘ఫ్యాన్ లేదు’ అన్న కబురు విని సంబరపడకండి.

ఇక నాలుగూ కలిపి చూడండి. ఒక్కొక్కటీ విడిగా నిజం కావచ్చు. తేలిక, రోజంతా బ్యాటరీ, నిశ్శబ్దం, వెలుగు అన్నీ ఒకే డబ్బాలో అన్నప్పుడు మాత్రం రాసినవాడు ఫ్యాక్టరీ కబురు చెప్పడం లేదు, తన కోరికల జాబితా చదువుతున్నాడు.

5. లీకైన ఫొటోని కొలవండి

నిజమైన ఫొటోలాగే కనిపించేది ఏదైనా దొరికితే, పక్కనుంచి తీసినదాన్ని వెతకండి. యూఎస్‌బీ-సీ పోర్టు ప్రపంచంలో ఎక్కడైనా ఒకే సైజు, తెరుచుకుని ఉండే రంధ్రం ఎత్తు సుమారు 2.6 మిల్లీమీటర్లు. అదే మీ స్కేలు. ఫొటోని పెద్దది చేసి, పోర్టు ఎత్తుకి కీబోర్డు ఉన్న కింది భాగం మందం ఎన్ని రెట్లుందో చూడండి. మూడు రెట్లుంటే దాదాపు 8 మిల్లీమీటర్లు. మూత మందం దానికి కలపాలి. రాసినవాడు మొత్తం 9 మిల్లీమీటర్లేనని చెబుతుంటే లెక్క తప్పినట్టే. కెమెరా ఏటవాలుగా ఉంటే కొంత తేడా వస్తుంది, అందుకే పోర్టు దగ్గరలోనే కొలవాలి, అటు చివర కాదు.

అడుగు భాగం ఫొటో దొరికితే ఇంకా మేలు. గాలి పీల్చే సన్నని గాట్లు వరసగా ఉంటే లోపల ఫ్యాన్ ఉన్నట్టే, ‘ఫ్యాన్ లేదు’ కథ అక్కడితో ముగుస్తుంది. అంచుని బాగా చెక్కేసిన డిజైన్ అయితే జాగ్రత్త: 2008 జనవరిలో స్టీవ్ జాబ్స్ కవరులోంచి తీసి చూపించిన మొదటి మ్యాక్‌బుక్ ఎయిర్ పలచటి చోట 4 మిల్లీమీటర్లు, మందపాటి చోట 19.4. వేదిక మీద గుర్తుండిపోయేది మొదటి అంకె, బ్యాగులో చోటు పట్టేది రెండోది.

6. సన్నబడటానికి ఏం తీసేశారో అడగండి

ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. పుకార్లు ఎప్పుడూ ఏం చేర్చారో చెబుతాయి, ఏం తీసేశారో చెప్పవు. 2008 ఎయిర్‌లో డీవీడీ డ్రైవ్ పోయింది, యూఎస్‌బీ పోర్టు ఒక్కటే మిగిలింది. 2015లో వచ్చిన 12 అంగుళాల మ్యాక్‌బుక్ 920 గ్రాములు, 13.1 మిల్లీమీటర్లు, చూస్తే ముద్దొచ్చేది. హెడ్‌ఫోన్ జాక్ తప్పిస్తే, చార్జింగ్‌కీ మిగతా అన్నిటికీ కలిపి ఒకే ఒక్క యూఎస్‌బీ-సీ పోర్టు. దానికోసం చేసిన పలచటి బటర్‌ఫ్లై కీబోర్డులో దుమ్ము చేరి మీటలు ఇరుక్కుపోవడం ఎంత గొడవైందంటే, 2018లో యాపిల్ ఉచిత మరమ్మతు పథకం పెట్టాల్సి వచ్చింది. 2019 చివరి నుంచి ఒక్కో మోడల్‌కి పాత తరహా మీటలే తిరిగొచ్చాయి. డెల్ 2022లో తెచ్చిన ఎక్స్‌పీఎస్ 13 ప్లస్‌లో పై వరస మీటలు పోయి టచ్ గీతలు వచ్చాయి, హెడ్‌ఫోన్ జాక్ మాయమైంది.

తీసేసినవి తిరిగి రావనేం లేదు. ఎం2 ఎయిర్ 11.3 మిల్లీమీటర్లకు సన్నబడుతూనే అయస్కాంతంతో అతుక్కునే మ్యాగ్‌సేఫ్ చార్జింగ్‌ని వెనక్కి తెచ్చింది. నా సొంత ఆశ ఒకటుంది: విప్పి మార్చుకోగలిగే పలచటి మెమరీ. దానికి సంబంధించిన క్యామ్2 ప్రమాణాన్ని, మెమరీలకు ప్రమాణాలు పెట్టే జెడెక్ సంస్థ 2023 డిసెంబరులో ప్రచురించింది. 2024లో లెనోవో థింక్‌ప్యాడ్ పీ1లో అది వచ్చింది కూడా. కానీ అది పెద్ద వర్క్‌స్టేషన్. కిలో బరువు యంత్రంలోకి అది దిగుతుందని ఎవరైనా రాస్తే, ప్రస్తుతానికి రెండో వరసలోనే పెట్టుకోండి.

7. విడుదలైన రోజు సన్న అక్షరాలు చదవండి

‘నుంచి’, ‘వరకు’ అన్న మాటలు ఎక్కడున్నాయో వెతకండి. ‘బరువు 980 గ్రాముల నుంచి’ అంటే చిన్న బ్యాటరీ, టచ్ లేని స్క్రీన్‌తో ఉన్న మోడల్ అయ్యే అవకాశం ఎక్కువ. ‘20 గంటల వరకు’ అంటే కింద నక్షత్రం గుర్తు పెట్టి ఏ పరీక్షో, ఏ వెలుతురులోనో రాసి ఉంటుంది. చార్జర్ బరువు ఆ అంకెల్లో ఉండదు.

ఆ తర్వాత విడిగా పరీక్షించేవాళ్ల సమీక్షల కోసం కొద్ది వారాలు ఆగండి. ఎం2 ఎయిర్ 256 జీబీ మోడల్‌లో ఒకే స్టోరేజ్ చిప్ పెట్టడం వల్ల ఎస్ఎస్‌డీ వేగం పాత ఎం1 కన్నా తగ్గిందన్న సంగతి బయటపడింది పుకార్లలో కాదు, జనం విప్పి కొలిచాక.

8. తేదీ పెట్టుకుని తేల్చేయండి

పాత ల్యాప్‌టాప్ పని చేయడం మానేస్తే ఆగడంలో అర్థం లేదు, ఉన్నవాటిలో మంచిది కొనేయండి. కుంటుతూ నడుస్తుంటే ఒక తేదీ వేసుకోండి: పైన చెప్పిన ప్రదర్శనల్లో దగ్గరలో ఉన్నది, దాని మీద రెండు నెలలు. ఆ లోపు ప్రకటన రాకపోతే ఎదురుచూపు రద్దు.

రాబోయేదాని కోసం ఆగడం కొత్త జబ్బేం కాదు. 1981లో వచ్చిన ఆస్‌బోర్న్ 1 దాదాపు 11 కిలోల ‘పోర్టబుల్’ కంప్యూటర్. కంపెనీ తర్వాతి మోడల్ గురించి ముందే చెప్పేయడంతో ఉన్నదాన్ని కొనేవాళ్లు ఆగిపోయారని, 1983లో దివాలాకి అదే కారణమని చెప్పుకుంటారు. కారణాలు వేరే ఉన్నాయని వాదించేవాళ్లూ ఉన్నారు.

కొత్తది వస్తే పాతది చవకవుతుందనే లెక్క కూడా ప్రతిసారీ కుదరదు. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ ధరలు ఎగబాకాయి. అలాంటి సమయంలో ఆగినవాడికి మిగిలేది తక్కువ. అందుకే ప్రకటన వచ్చిన రోజే మీ కాగితం తీయండి. మొదటి వరసలో ఏ ఒక్కటి లేకపోయినా, అదే రోజు పోయినేడాది మోడల్ వైపు తిరగండి. ఎక్కువ ర్యామ్ ఉన్నవి ముందు అమ్ముడైపోతాయి, మిగిలేవి తక్కువ ర్యామ్‌వే.