కాల్‌బ్యాక్‌లలో లోపాల నిర్వహణ: కోడ్ మార్చే ముందు జాగ్రత్తలు

గుంటూరు మిర్చి యార్డు ధరలను రైతుల ఫోన్లకు పంపే సర్వర్ వంటిదాన్ని నోడ్‌లో (జావాస్క్రిప్ట్ కోడ్‌ను సర్వర్‌పై నడిపే Node.jsలో) నడుపుతున్నవారు, లోపాలను పట్టుకునే కోడ్‌ను ముట్టుకునే ముందు కొన్ని విషయాలు సరిచూసుకోవాలి. వేలం సాగే వేళ మార్పులు పెట్టకపోవడం మంచిది.

కొంత సమయం తర్వాత పనిని నడిపే సెట్‌టైమౌట్‌కు ఇచ్చిన కాల్‌బ్యాక్‌లో (తర్వాత పిలవడానికి అప్పగించిన ఫంక్షన్‌లో) వచ్చే లోపాన్ని పట్టుకుంటుందని నమ్మి, బయట ట్రై-క్యాచ్ (లోపాలను పట్టుకునే బ్లాకు) పెట్టారేమో వెతకండి; కాల్‌బ్యాక్ నడిచే సమయానికి ఆ ట్రై బ్లాకు ఎప్పుడో ముగిసి ఉంటుంది కనుక, లోపల విసిరిన లోపం దానికి చిక్కదు. లోపాలను ఒకచోట పట్టుకోవడానికి నోడ్‌లో ఉన్న పాత డొమైన్ మాడ్యూల్ కనిపిస్తే దాని వాడకాన్ని పెంచవద్దు.

సర్వర్‌కు వచ్చిన ఏ అభ్యర్థనలో లోపం వచ్చిందో తెలియడానికి, 2020లో నోడ్‌లో చేరిన అసింక్‌లోకల్‌స్టోరేజ్ ఉపయోగపడుతుంది. అయితే అది సందర్భాన్ని (ఆ పని ఏ అభ్యర్థనకు చెందిందో తెలిపే సమాచారాన్ని) మోస్తుందే తప్ప లోపాన్ని పట్టుకోదు. ఈ తేడాను చాలామంది గమనించరు. డేటాబేస్ కనెక్షన్లను అభ్యర్థనలు పంచుకునే చోట, ఒకరి కాల్‌బ్యాక్ మరొకరి సందర్భంలో నడిచే ప్రమాదం ఉంటుంది కాబట్టి, నోడ్‌లోని అసింక్‌రిసోర్స్ అనే క్లాసులో ఉన్న బైండ్ ఫంక్షన్‌తో దాన్ని సొంత సందర్భానికి కట్టిపెట్టాలి. ఆపై రెండు అభ్యర్థనలను ఒకేసారి పంపి, లాగ్‌లో వాటి గుర్తింపు సంఖ్యలు తారుమారు కాలేదని నిర్ధారించుకోవాలి.

ప్రతి స్ట్రీముకూ (డేటాను ముక్కలుగా అందించే ప్రవాహానికీ) ఎర్రర్ లిజనర్ (లోపం వస్తే నడిచే ఫంక్షన్) ఉండాలి. నోడ్ 15 నుంచి, ఎవరూ పట్టుకోని ప్రామిస్ తిరస్కరణ (తర్వాత రావలసిన ఫలితం విఫలం కావడం) ప్రాసెస్‌నే, అంటే నడుస్తున్న ప్రోగ్రామునే, కూల్చేస్తుంది. ఎక్కడా చిక్కని లోపాలను అందుకునే అన్‌కాట్‌ఎక్సెప్షన్ హ్యాండ్లర్‌లో లాగ్ రాసి, ప్రాసెస్‌ను ముగించి, తిరిగి మొదలుపెట్టే పనిని పర్యవేక్షక ప్రోగ్రాముకు వదిలేయాలి.