బరువు తగ్గే ఆపరేషన్‌కి డేట్ ఖాయమైందా? ముందు ఇవి చూసుకోండి

నాకు స్లీవ్ ఆపరేషన్, అంటే కడుపు సంచిలో చాలా భాగం తీసేసే ఆపరేషన్, జరిగి నాలుగేళ్లు దాటింది. అప్పట్నుంచి చుట్టాల్లో ఎవరు ఈ ఆపరేషన్ చేయించుకోవాలనుకున్నా ముందు నాకే ఫోన్ వస్తుంది. అందరూ అడిగేది ఒకటే, నొప్పి ఎక్కువుంటుందా అని. పొట్ట మీద చిన్న చిన్న రంధ్రాలు నాలుగైదు పెట్టి లాపరోస్కోపీలో చేస్తారు. ఆ నొప్పి నాకు నాలుగు రోజుల ముచ్చటే అయింది. నేను తిరిగి అడిగేది వేరే. ఒక ఇడ్లీ తినడానికి ఇరవై నిమిషాలు కూర్చోగలరా? ఇంట్లో అందరికీ బజ్జీలు వేగుతుంటే మీరు పెసరకట్టు గ్లాసు పట్టుకుని ఉండగలరా? డాక్టర్లు కడుపు సంచిని చిన్నది చేసి పంపిస్తారు. అలవాట్లు మాత్రం మనతోనే ఇంటికొస్తాయి. అందుకే ఆపరేషన్ తర్వాత చేయాల్సినవి ముందే ఇంట్లో చేసి చూడమంటాను.

మొదట డబ్బు సంగతి. 2022లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువుందా అని చూసే లెక్క) 35 దాటితే ఆపరేషన్ సూచించవచ్చు. మన ఆసియా వాళ్లకు ఆ గీత ఇంకా కిందికి, 27.5 దగ్గరికి వస్తుంది. ఇన్సూరెన్స్ లెక్క వేరు. 40 ఉండాలి, లేదంటే 35కి తోడు అదుపులో లేని షుగరో, తీవ్రమైన స్లీప్ ఆప్నియానో (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం), గుండె జబ్బో ఉండాలి. 160 సెంటీమీటర్ల ఎత్తు, 96 కిలోల బరువున్న మనిషికి బీఎంఐ 37.5. డాక్టరు సరేనన్నా, వేరే జబ్బు లేకపోతే కంపెనీ కాదనవచ్చు. వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక క్లెయిమ్‌కి ఆగాల్సిన కాలం) సంగతితో సహా కాగితం మీద రాయించుకున్నాకే డేట్ తీసుకోండి.

డేట్ విషయంలో నా సొంత అభిప్రాయం ఒకటుంది, వీలుంటే ఏప్రిల్, మే నెలలు వద్దు. మొదటి వారాల్లో గటగటా నీళ్లు తాగలేరు, గుక్క గుక్కగానే తాగాలి. మన ఎండలకి ఒళ్లు ఎండిపోయి మళ్లీ సెలైన్ కోసం ఆసుపత్రికి పరుగెత్తాల్సి వస్తుంది. పైగా మామిడిపళ్లు, ఆవకాయ ఘుమఘుమల సీజన్. ఎందుకా శిక్ష!

టెస్టులు చాలానే రాస్తారు. ఎండోస్కోపీ, పొట్ట స్కానింగ్, గుండెకి ఎకో, థైరాయిడ్, మూడు నెలల షుగర్. విసుక్కోకండి. బరువు వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి స్కానింగ్‌లో అదీ చూస్తారు. బీ12, డీ విటమిన్లు, ఐరన్ తక్కువుంటే ఇప్పుడే సరిచేసుకోవాలి, ఆ తర్వాత ఇంకా తగ్గుతాయి. విటమిన్ మాత్రలు ఎలాగూ జీవితాంతం వాడాల్సినవే. "ఆర్నెల్లు వాడి మానేస్తాలే" అనుకునేవాళ్లు ఈ ఆపరేషన్ జోలికి పోకపోవడమే మంచిది.

గురక పెడతారా అన్నది మీకు తెలియదు, పక్కన పడుకునేవాళ్లని అడగండి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంటే స్లీప్ స్టడీ చేస్తారు. నిద్రలో మాస్కుతో గాలి పంపే సీప్యాప్ మిషన్ ఇస్తే దాన్ని అటక మీద పెట్టకుండా రోజూ వాడండి, ఆసుపత్రికీ తీసుకెళ్లండి.

వాడుతున్న మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్లి మత్తు డాక్టరుకి చూపించండి, ఆయుర్వేదం పొడులతో సహా. షుగర్‌కి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి వాడేవాళ్లయితే ఆపరేషన్‌కి కనీసం 3 రోజుల ముందే ఆపిస్తారు. తిండి తగ్గించిన సమయంలో అవి వేసుకుంటే, మీటర్లో షుగర్ మామూలుగా కనిపిస్తున్నా రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వాడేవాళ్లకి లిక్విడ్ డైట్ మొదలైన రోజు నుంచే డోసు తగ్గించాల్సి రావచ్చు, లేకపోతే షుగర్ పడిపోతుంది. సెమాగ్లూటైడ్ లాంటి బరువు తగ్గే ఇంజెక్షన్లు వేసుకుంటుంటే దాచకండి, వాటివల్ల కడుపు ఖాళీ కావడం ఆలస్యమవుతుంది. రక్తం పలచబడే మందులు, గర్భనిరోధక మాత్రల సంగతీ అడగండి. ఏదీ సొంతంగా మానేయొద్దు. సిగరెట్, బీడీ మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు, కనీసం 6 వారాల ముందే మానేయాలి. పొగ తాగితే కుట్లు సరిగా మానవు, అల్సర్లు వస్తాయి.

ఇక అసలు పరీక్ష ఆపరేషన్ ముందు రెండు వారాల డైట్. రోజుకి 800 నుంచి 1000 క్యాలరీలు, ప్రోటీన్ ఎక్కువ, అన్నం, చక్కెర దాదాపు లేనట్టే. మనల్ని ఏడిపించడానికి కాదు. కడుపు సంచి మీద లివర్ కప్పుకుని ఉంటుంది. కొవ్వు పట్టి ఉబ్బిన లివర్‌ని పక్కకి ఎత్తి పట్టుకుంటేగానీ సర్జన్‌కి దారి కనపడదు. ఈ డైట్‌తో అది కుంచించుకుపోతుంది. చాలామంది ఈ రోజుల్లోనే "ఆఖరి బిర్యానీ" పార్టీలు పెట్టుకుంటారు. నేనూ పెట్టుకున్నాను. తొమ్మిది రోజుల ముందు, కజిన్స్‌తో, ఒక ఫుల్ ప్లేటు. మర్నాడు డైటీషియన్ అడిగితే అబద్ధమాడాను. ఆవిడ నా మొహం చూసి, "ఎన్ని ముక్కలు?" అంది.

ఈ రెండు వారాల్లోనే ప్రాక్టీసు మొదలుపెట్టండి. టానిక్ సీసా మూతలాంటి 30 మిల్లీలీటర్ల కప్పు ఒకటి తీసుకుని, అందులో నీళ్లు పావుగంట సేపు చప్పరించండి. కంచం పక్కన చెంబు పెట్టుకోవడం మానేయండి, తిండికీ నీళ్లకీ మధ్య అరగంట ఎడం ఉండాలి. తినేటప్పుడు గడియారం చూడండి. నేను మొదటిసారి చూసుకున్నప్పుడు మొదటి ముద్ద నుంచి కంచం కడిగేదాకా ఆరు నిమిషాలు పట్టింది! రోజూ కొంచెం నడక, మూడు బంతుల ఊపిరి పరికరంతో వ్యాయామం కూడా చేయండి. ఆపరేషన్ జరిగిన సాయంత్రమే మిమ్మల్ని లేపి నడిపిస్తారు, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా.

మనసు సంగతికొద్దాం. పది రోజులు చిన్న పుస్తకంలో ఏం తిన్నారో కాకుండా ఎందుకు తిన్నారో రాయండి. నా పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంది: "రాత్రి 9.40, కారప్పూస రెండు గుప్పెళ్లు, ఆకలి లేదు, అత్తయ్యతో మాట వచ్చింది." రేపు కారప్పూస ఉండదు, అత్తయ్యతో మాటలు మాత్రం వస్తాయి. అప్పుడు ఏం చేస్తారో ఇప్పుడే ఆలోచించుకోవాలి. కారప్పూస బదులు మందు గ్లాసు పట్టుకుంటే మరీ ప్రమాదం. ఆపరేషన్ తర్వాత అది త్వరగా తలకెక్కుతుంది, అలవాటుగా మారే ముప్పూ ఉంది. సైకాలజిస్టు దగ్గర పాసవ్వాలని తీపి మాటలు చెప్పకండి. డిప్రెషన్‌కి మందులు వాడుతుంటే చెప్పండి, ఆపకండి.

"నోరు కట్టుకుంటే పోయేదానికి కడుపు కోయించుకోవాలా?" అనేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పక్కర్లేదో ముందే అనుకోండి. ఇంట్లోవాళ్లకి మాత్రం కూర్చోబెట్టి చెప్పాలి, ముఖ్యంగా వడ్డించే చేతులకి. మా అమ్మకి ఎంత చెప్పినా "ఒక్క ముద్దేగా" అనేది. ఒకరోజు ఆ ఒక్క ముద్దా వాంతయ్యాక మానేసింది.

మొదటి నెలలో ఎందుకు చేయించుకున్నానురా దేవుడా అని ఏడుపొస్తుంది. మూడో వారంలో కాటా ముల్లు కదలకుండా మొండికేయొచ్చు. మూడో నెల దాటాక జుట్టు దువ్వెనకి వచ్చేస్తుంది, చాలామందికి మళ్లీ మొలుస్తుంది. ఇవన్నీ ముందే తెలిస్తే టెన్షన్ సగం తగ్గుతుంది. పెళ్లయిన ఆడపిల్లలు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. బరువు తగ్గగానే గర్భం త్వరగా నిలిచే అవకాశం ఉంది, కానీ 12 నుంచి 18 నెలలు ఆగాలి.

ఆసుపత్రి రాత్రిపూట ఎత్తే ఫోన్ నంబరు ఫ్రిజ్ తలుపు మీద అంటించండి. ఇంటికొచ్చాక జ్వరం, గుండె దడ, పెరుగుతున్న కడుపునొప్పి, భుజంలో నొప్పి, ఆయాసం, ఒక కాలు వాపు, నీళ్లు కూడా నిలవని వాంతులు, వీటిలో ఏదొచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. వీధి చివర మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ అడిగి వేసుకోవద్దు, అల్సర్లు పడతాయి.

చివరగా ఆసుపత్రి సంచి. పాత రిపోర్టులు, వదులు నైటీలు, లిప్ బామ్. ఆ వారం గోరింటాకు, గోళ్లరంగు వద్దు, వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు సరిగా చూపించకపోవచ్చు. గాజులు, ఉంగరాలు, మెట్టెలు ఒక రోజు ముందే ఇంట్లో తీసి చూసుకోండి. నా మెట్టెలు బిగుసుకుపోయి, ఆపరేషన్ రోజు పొద్దున్న ఐదున్నరకి పాపం నర్సమ్మ సబ్బు నురగతో పావుగంట కుస్తీ పట్టింది.