అద్దె ఇంట్లో ఎంత కడిగినా పోని వాసన: ముందు జాలీ ఎత్తి చూడండి

మంచి రోజు చూసుకుని, పాలు పొంగించి, సామాను దింపుకుని అద్దె ఇంట్లో చేరిన మొదటి వారంలోనే చాలామంది ఒకే ఫిర్యాదు చేస్తారు. ఇల్లంతా కడిగించామనీ, బాత్‌రూముకు యాసిడ్ పోయించామనీ, ఫినాయిల్ సీసాలు ఖాళీ అయ్యాయనీ, అయినా మురుగు వాసన పోవడం లేదనీ చెబుతారు. ఇంట్లో ఉన్న జాలీలన్నీ ఎత్తి చూశారా అని అడిగితే మాత్రం, లేదనే సమాధానం వస్తుంది. పైసా ఖర్చు లేని ఆ ఒక్క పరీక్షను వదిలేసి మందులకు, మనుషులకు డబ్బు పెట్టడం చూస్తే బాధ కలుగుతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

బూజు దులపడం, ఊడ్వడం, తుడవడం అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోను. ఒక్క మాట మాత్రం చెప్పాలి. ఈ పరీక్షలన్నీ సామాను రాకముందు, ఇల్లు ఖాళీగా ఉన్న పూటే చేయాలి. వాషింగ్ మెషీన్, బీరువా, మంచాలు వాటి చోట్లలో కుదురుకున్న తర్వాత వాటి వెనుక ఏముందో చూసే ఓపిక ఎవరికీ ఉండదు.

లక్షణం: కడిగిన కాసేపు బాగుంటుంది, తెల్లవారేసరికి మళ్లీ మురుగు వాసన

బాత్‌రూము నేలలోని జాలీ కింద నేరుగా పైపు ఉండదు. ప్లంబర్లు నహానీ ట్రాప్ అనే గిన్నె వంటి భాగం ఉంటుంది. మనం పోసిన నీళ్లు ముందు ఆ గిన్నెలోకి దిగి, దాని అవతలి అంచు మీదుగా పొర్లి పైపులోకి వెళ్తాయి. అందువల్ల సుమారు రెండు అంగుళాల లోతున, అంటే దాదాపు 50 మిల్లీమీటర్ల మేర, నీళ్లు అందులో ఎప్పుడూ నిలిచే ఉంటాయి. మురుగు పైపులోని గాలి ఇంట్లోకి రాకుండా మూసి ఉంచే తలుపు ఆ నీళ్లే. కమోడ్ లోపల కనిపించే నీళ్లూ, వాష్ బేసిన్ కింద ఉండే బాటిల్ ట్రాప్‌లోని నీళ్లూ చేసే పని ఇదే.

ఇల్లు ఖాళీగా ఉంటే ఈ నీళ్లు క్రమంగా ఆవిరైపోతాయి. మన దగ్గర పిల్లల పరీక్షలు అయ్యాక, బడులు తెరిచేలోపు ఇళ్లు మారేవారు ఎక్కువ. ఏప్రిల్‌లో ఖాళీ అయిన వాటా జూన్ దాకా ఎండల్లో మూసి ఉంటుంది. అప్పటికీ ఎవరూ చేరకపోతే, ఆషాఢంలో ఇల్లు మారకూడదని శ్రావణం దాకా అలాగే ఉండిపోతుంది. ఆ ఇంటి తలుపు తీసేసరికి ట్రాపులు ఎండిపోయి, కుళ్లిన కోడిగుడ్డును తలపించే మురుగు వాయువు గదుల్లోకి చేరి ఉంటుంది.

ఎండిపోవడం ఒక్కటే కారణమైతే నీళ్లు పోయగానే సమస్య తీరాలి. మీరు కడిగిన బాత్‌రూములో తీరుతుంది కూడా. అయితే ఇంట్లో ఉన్న ట్రాప్ అదొక్కటే కాదు. వాడకంలో లేని రెండో బాత్‌రూము, వంటగది వెనుక గిన్నెలు తోముకునే చోటు, బాల్కనీ మూల, వాషింగ్ మెషీన్ పైపు దిగే రంధ్రం కూడా అదే మురుగు పైపులో కలుస్తాయి. అక్కడ తడిగుడ్డతో తుడిచి వదిలేస్తారే తప్ప బకెట్ నీళ్లు ఎవరూ పోయరు. వాసన బాల్కనీ నుంచి వస్తుంటే, అలవాటు కొద్దీ బాత్‌రూమును మళ్లీ మళ్లీ కడుగుతూ ఉంటారు.

కాబట్టి ఇంట్లో నీళ్లు బయటకు పోయే చోట్లన్నీ ముందు కాగితం మీద రాసుకుని, ఒక్కొక్క దానిలో ఒక్కో బకెట్ నీళ్లు పోయండి. పది నిమిషాలు ఆగి, జాలీ ఎత్తి, సెల్‌ఫోన్ లైటు లోపలికి వేసి చూడండి. నీటి మట్టం మెరుస్తూ కనిపిస్తే అది బాగున్నట్లే. అదే చోట మర్నాడు ఉదయం మళ్లీ చూడండి, ఎందుకంటే సన్నని పగులు ఉన్న ట్రాప్‌లో నీళ్లు పది నిమిషాలు నిలిచి తెల్లవారేలోగా ఇంకిపోవచ్చు. పోసిన నీళ్లు అసలే నిలవకపోతే ట్రాప్ పగిలి ఉండాలి, లేదా కట్టినప్పుడే పెట్టకుండా పైపును నేరుగా కలిపి ఉండాలి.

వాసన ఏ రంధ్రం నుంచి వస్తుందో తేలకపోతే, మందమైన పాలిథీన్ కవర్లలో సగం వరకు నీళ్లు నింపి ముడివేసి, రాత్రి పడుకునే ముందు ఒక్కో జాలీ మీద ఒక్కొక్కటి పెట్టండి. నీళ్ల బరువుకు కవరు జాలీకి అతుక్కుని గాలిని ఆపుతుంది. ఉదయం ఒక్కొక్కటే తీసి, మధ్యలో కొంత వ్యవధి ఇస్తూ వాసన చూస్తే దోషి దొరుకుతుంది. ఇంకో గుర్తు కూడా ఉంది. తలుపులు మూసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసినప్పుడు వాసన తగ్గకుండా పెరిగితే, ఆ ఫ్యాన్ మూత లేని ఏదో రంధ్రం గుండా మురుగు పైపులోని గాలిని లోపలికి లాగుతోందని అర్థం.

ఇక మనుషులను అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసే రెండు కారణాల సంగతి చెబుతాను.

మొదటిది జాలీ కింద బోర్లించి ఉండే గిన్నె. కొన్ని ట్రాపుల్లో ఈ చిన్న ప్లాస్టిక్ లేదా స్టీలు గిన్నె అంచు నీళ్లలో మునిగి ఉన్నప్పుడే గాలి ఆగుతుంది. వెంట్రుకలు చుట్టుకుని నీళ్లు మెల్లగా పోతుంటే, కడిగేవారు దాన్ని తీసి పక్కన పెడతారు. నీళ్లు వెంటనే జర్రున దిగిపోవడంతో పని బాగా జరిగిందని అందరూ సంతోషిస్తారు, గిన్నె మాత్రం తిరిగి దాని చోటికి చేరదు. బాత్‌రూము కిటికీ గట్టు మీదనో, కమోడ్ వెనుకనో దుమ్ము పట్టిన గుండ్రని గిన్నె కనిపిస్తే పారేయకండి. కడిగి జాలీ కింద పెట్టండి. అది దొరకకపోతే జాలీ లోపలి కొలత తీసుకుని శానిటరీ సామాన్ల దుకాణంలో అడగండి. ఇలాంటి ట్రాప్‌లో గిన్నె లేకుండా ఎన్ని నీళ్లు పోసినా గాలి ఆగదు.

రెండోది సింకు కింద ముడతల పైపు. వంటగది సింకు నుంచి దిగే సన్నని పైపును నేలలోనో గోడలోనో ఉన్న పెద్ద రంధ్రంలోకి దూర్చి వదిలేస్తారు, దాని చుట్టూ సందు మిగిలిపోతుంది. ఆ పైన చెక్క తలుపులు బిగిస్తారు కనుక కంటికి కనబడదు. తలుపు తీసినప్పుడు కొట్టే ముక్క వాసనను చెక్క కుళ్లిన వాసన అనుకుంటారు. ఒక ఇంట్లో ఆ అనుమానంతోనే సింకు కింది ప్లైవుడ్ మొత్తం మార్పించుకున్నారు. కొత్త చెక్క వచ్చినా వాసన అలాగే ఉంది. మోకాళ్ల మీద కూర్చుని లైటు వేసి చూస్తే పైపు చుట్టూ బొటనవేలు పట్టేంత సందు, దాని అంచు వెంట బొద్దింకల మచ్చలు కనిపించాయి. పైపు కొలతకు సరిపడే రబ్బరు బుష్ పెట్టాక వాసన పోయింది. ఆ సందును సిమెంటుతో పూడ్చకండి, రేపు పైపు మార్చాల్సి వస్తే పగలగొట్టాలి. బుష్ తెచ్చేవరకు పాత గుడ్డ గట్టిగా చుట్టి ఆపవచ్చు.

ఆ ముడతల పైపు ఎక్కడా వంపు లేకుండా నిటారుగా దిగుతుంటే, అందులో నీళ్లు నిలవవు. బుష్ పెట్టినా సింకు రంధ్రం గుండానే వాసన వస్తుంది. పైపును కిందికి వంచి మళ్లీ పైకి తిప్పి, ఆ వంపులో నీళ్లు నిలిచేలా తాడుతో కట్టవచ్చు. అంతకంటే బాటిల్ ట్రాప్ పెట్టించుకోవడం మేలు.

పై అంతస్తు వారు ఫ్లష్ చేసినప్పుడల్లా మీ జాలీలో గుడగుడ శబ్దం వచ్చి, పోసిన నీళ్లు తగ్గిపోతుంటే లోపం మీ ఇంట్లో లేదు. మురుగు పైపుకు గాలి అందించే గొట్టం మూసుకుపోయి ఉండవచ్చు, లేదా మేడ మీద ఎవరో దాన్ని కప్పి ఉండవచ్చు. అది అపార్ట్‌మెంట్ సంఘం చూడవలసిన పని.

ట్రాప్ మార్చడం, పైపు మార్చడం ఇంటి యజమాని బాధ్యతగా మాట్లాడుకోండి. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం కూడా అవసరమైనప్పుడు నీటి గొట్టాలు మార్చే పనిని యజమానికీ, మురుగు కాలువ శుభ్రం చేయడాన్ని అద్దెదారుకూ అప్పగించింది. అది రాష్ట్రాలకు నమూనా మాత్రమే. అయినా మాట్లాడుకునేటప్పుడు ఈ విభజన చూపించడం ఉపయోగపడుతుంది. ఫొటోలు తీసి, తేదీతో సహా చేరిన రోజే యజమానికి పంపండి. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోత పెట్టే మాట వస్తే అవి అవసరమవుతాయి.

బాగైన తర్వాత, వాడని జాలీల్లో వారానికి ఒక చెంబెడు నీళ్లు పోస్తూ ఉండండి. నెలల తరబడి ఊరు వెళ్లాల్సి వస్తే, ట్రాప్‌లోని నీళ్ల మీద మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ రెండు చెంచాలు పోస్తే ఆవిరి కావడం బాగా తగ్గుతుంది.

లక్షణం: బొద్దింకలు

ముందు పరిమాణం చూడండి. రాత్రిపూట బాత్‌రూములో కనిపించే, బొటనవేలంత పొడవున్న ఎర్ర బొద్దింకలు సాధారణంగా మురుగు పైపుల నుంచి వస్తాయి. వాటికి మందు కంటే ముందు పైన చెప్పిన ట్రాప్ పరీక్ష చేయాలి, దారి మూయనంత కాలం కొత్తవి వస్తూనే ఉంటాయి. వంటగది అలమరాల కీళ్లలో, ఫ్రిజ్ మోటారు దగ్గర, మిక్సీ కింద తిరిగే చిన్నవి, తల వెనుక రెండు నల్లని గీతలున్నవి వేరే జాతి. అవి ఇంట్లోనే కాపురం పెడతాయి, పాత అట్టపెట్టెలతో కలిసి వస్తాయి. వీటికి జెల్ మందు చుక్కలుగా కీళ్ల దగ్గర పెట్టాలి. జెల్ పెట్టిన చోట స్ప్రే కొట్టకండి, ఆ ఘాటుకు అవి జెల్ దగ్గరకు రాకుండా చెదిరిపోతాయి.

లక్షణం: నేల మీద, కుళాయిల మీద తెల్లని పొర

బోరు నీళ్లలోని సున్నం గట్టిపడటం దీనికి కారణం. నిమ్మ ఉప్పు గోరువెచ్చని నీళ్లలో కలిపి, ఆ నీళ్లలో ముంచిన గుడ్డను కుళాయికి అరగంట చుట్టి ఉంచి, తర్వాత రుద్ది కడిగితే చాలావరకు వదులుతుంది.

ఈ మరకలకు యాసిడ్ పోయించే ముందు మీ ఇంటి నేల ఏ రాయో చూడండి. తాండూరు, షాబాద్, బేతంచెర్ల బండలు సున్నపురాయి జాతివి, పాలరాయి కూడా ఆ గుణం కలదే. వాటి మీద యాసిడ్ పడితే బుసబుస పొంగి, నునుపు పోయి, ఆ చోటు శాశ్వతంగా గరుకెక్కుతుంది. టైల్స్ మీద పోసినా వాటి మధ్య సిమెంటును తినేస్తుంది, దాంతో కింది ఇంటి కప్పు చెమ్మగిల్లుతుంది. ఇంకా ముఖ్యమైన విషయం, యాసిడ్‌ను గానీ టాయ్‌లెట్ కడిగే ద్రవాన్ని గానీ బ్లీచింగ్ పౌడర్‌తో ఎప్పుడూ కలపకండి. కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. గాలి ఆడని బాత్‌రూములో అది ప్రాణాంతకం. ఒకటి వాడాక నీళ్లతో పూర్తిగా కడిగి, కిటికీ తెరిచి ఉంచి, రెండోదాన్ని ఇంకో రోజుకు వాయిదా వేయండి.

లక్షణం: వంటగదిలో జిడ్డు, ఎంత తుడిచినా చేతికి అంటుకోవడం

పొయ్యి వెనుక గోడ ఒక్కటే తుడిచి, అలమరాల పైభాగాన్ని, ఫ్యాను రెక్కలను, స్విచ్ బోర్డులను వదిలేయడమే కారణం. బట్టల సోడా వేడి నీళ్లలో కలిపి, చేతులకు తొడుగులు వేసుకుని, గుడ్డతో తడిపి కొంతసేపు నాననిచ్చి తుడవండి. స్విచ్ బోర్డుకు మాత్రం మెయిన్ ఆపి, బాగా పిండిన గుడ్డ వాడాలి. చిమ్నీ జాలీ అల్యూమినియంది అయితే సోడా నీళ్లలో వేయకండి, నల్లబడి పాడైపోతుంది. దానికి వేడి నీళ్లు, గిన్నెల సబ్బు చాలు.

లక్షణం: కొత్త రంగు వేసిన గోడ మీద మచ్చలు, ముక్క వాసన

అద్దెకు ఇచ్చే ముందు చెమ్మ మీదనే రంగు వేస్తే కొద్ది వారాల్లో పొరలు లేస్తాయి, తెల్లని ఉప్పు పొడి రాలుతుంది. ఆ గోడకు అవతల ఏముందో చూడండి. బాత్‌రూమో, పైపులు దిగే సందో ఉంటే నీరు కారుతున్న చోటును బాగు చేయాలి. మీరు ఎంత తుడిచినా, మళ్లీ రంగు వేసినా నిలవదు, ఇది యజమాని చేయించవలసిన పని. అప్పటిదాకా బట్టల బీరువాను ఆ గోడకు ఆనించకండి.

మిగిలినవి

మంచాలు, సోఫాలతో సహా ఇచ్చిన ఇల్లయితే చెక్క అతుకుల్లో, పరుపు కుట్ల వెంట నల్లని చుక్కలు ఉన్నాయేమో చూడండి. ఉంటే అవి నల్లులవి, ఆ సామాను తీసేయమని చేరకముందే అడగాలి. అటక మీద ఎలుక చచ్చిన వాసనైతే ఒకే గదిలో, రోజురోజుకూ మారుతూ ఉంటుంది, వెతికి తీసేస్తే పోతుంది. ఏసీ వేసినప్పుడు మాత్రమే మురుగు వాసన వస్తుంటే దాని నీళ్ల పైపును నేరుగా మురుగు లైనులో కలిపి ఉంటారు, బయటకు మార్పించండి. వేడి నీళ్లకు మాత్రమే వాసన ఉంటే గీజరులో నిలవ ఉన్న నీళ్లు కారణం. దాన్ని ఆపి, పూర్తిగా ఖాళీ చేసి, కొత్త నీళ్లు నింపి, ఒకసారి ఎక్కువ వేడి పెట్టి వదిలేస్తే సరిపోతుంది.