కార్తీక స్నానాలకు ముందు నాడి చూసుకోండి: థైరాయిడ్ తక్కువగా ఉన్నవాళ్ళకు జాగ్రత్తలు

మూడేళ్ళ క్రితం కార్తీక సోమవారం. ఇంకా తెల్లవారలేదు. దుర్గా ఘాట్‌లో మా అత్తయ్య మూడు మునకలు వేసి, పైకి వస్తూ వస్తూ రెండో మెట్టు మీదే కూర్చుండిపోయింది. లేవమంటే, "ఉండమ్మాయ్, కాస్త కూర్చోనీ" అంది. మాట సాగదీసినట్టు వస్తోంది. చలికేమో అనుకుని పొడి తువ్వాలు కప్పాను. చెయ్యి పట్టుకుంటే అరటిదవ్వలా చల్లగా ఉంది. ఎందుకో అనుమానం వచ్చి మణికట్టు దగ్గర వేళ్ళు పెట్టి, ఫోన్‌లో టైము చూస్తూ లెక్కపెట్టాను. నిమిషానికి 44. తప్పు లెక్కపెట్టానేమోనని మళ్ళీ చూశాను. 45.

ఆసుపత్రిలో తేలిందేమిటంటే, దసరా నవరాత్రుల నుంచి ఆవిడ థైరాయిడ్ మాత్ర వేసుకోవడం లేదు. పూజ అయ్యేదాకా నోట్లో ఏమీ పెట్టకూడదని పొద్దున మానేసేది, తర్వాత మర్చిపోయేది. బీపీకి వేసుకునే మెటోప్రొలాల్ మాత్రం భోజనం తర్వాతది కాబట్టి తప్పకుండా వేసుకుంటోంది. అదీ గుండె వేగాన్ని తగ్గించే మందే. అంతకు నెల ముందు నుంచీ ఆవిడ మధ్యాహ్నాలు నిద్రపోతూ, ఫ్యాన్ ఆపమంటూ, మెట్లెక్కనంటూ ఉంటే, వయసు మీద పడుతోంది కదా అని ఊరుకున్నాం. ఆ ఊరుకోవడం ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

మన గుండె లయను నడిపించే చిన్న కణుపు గుండె పై గదిలో ఉంటుంది. అది ఎంత చురుగ్గా పనిచేయాలో చెప్పేవాటిలో థైరాయిడ్ హార్మోన్ ఒకటి. ఆ హార్మోన్ తగ్గితే గుండె నెమ్మదిస్తుంది, ఒంట్లో వేడి పుట్టడం కూడా తగ్గుతుంది. అలాంటి మనిషి చన్నీళ్ళలో ఒక్కసారిగా మునిగితే ముందు ఊపిరి ఎగబీల్చినట్టవుతుంది, బీపీ పెరుగుతుంది. ముఖం నీళ్ళలో ముంచినప్పుడేమో గుండె ఇంకాస్త నెమ్మదిస్తుంది. ఆరోగ్యవంతులు దీన్ని తట్టుకుంటారు. ముందే నెమ్మదిగా కొట్టుకుంటున్న గుండెకు, పైగా ఉపవాసంతో ఉన్న ఒంటికి, పాచి పట్టిన ఘాటు మెట్ల మీద ఇది ప్రమాదమే.

కాబట్టి పని దీపావళి నాడు కాదు, వినాయక చవితి వెళ్ళగానే మొదలుపెట్టాలి. అప్పుడు టి.ఎస్.హెచ్. పరీక్ష, అంటే థైరాయిడ్ సరిపోతోందో లేదో చెప్పే రక్తపరీక్ష, చేయించుకోండి. డాక్టరు డోసు మారిస్తే అది ఒంటికి పట్టిందో లేదో తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. చవితికీ కార్తీక మాసానికీ మధ్య సరిగ్గా అంత సమయమే ఉంటుంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళు వేసుకునే మందులన్నీ ఒక కవర్లో వేసి తీసుకెళ్ళండి. అటెనొలాల్, మెటోప్రొలాల్, డిల్టియాజెమ్, డిగాక్సిన్ లాంటి గుండె వేగాన్ని తగ్గించే మందులు ఉంటే డాక్టరుకు విడిగా చెప్పండి. వాటిని మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

నాడి చూసుకోవడం ఎవరైనా నేర్చుకోవచ్చు. పొద్దున మంచం దిగకముందే, బొటనవేలు కాకుండా చూపుడు, మధ్య వేళ్ళు మణికట్టు మీద పెట్టి నిమిషం నిండా లెక్కపెట్టాలి. వేలికి పెట్టే ఆక్సీమీటరు కూడా అంకె చూపిస్తుంది గానీ, వేళ్ళు చల్లబడినా, గోళ్ళకు రంగున్నా తప్పు చూపించవచ్చు. మా అత్తయ్య గోడ క్యాలెండర్లో తిథి పక్కనే పెన్సిలుతో రాస్తుంది: 62, 64, 61. ఆవిడకు మామూలుగా ఉండే అంకె అదని ఇప్పుడు ఇంట్లో అందరికీ తెలుసు. పెద్దవాళ్ళకు విశ్రాంతిలో 60 నుంచి 100 వరకు మామూలే. 60 కన్నా కాస్త తగ్గినా ఏ ఇబ్బందీ లేకపోతే కంగారు అక్కర్లేదు, డాక్టరుకు ఒక మాట చెప్పండి. నీరసం, కళ్ళు తిరగడం, ఆయాసం తోడైతే మాత్రం, లేదా కొత్తగా 50 కన్నా తగ్గితే, ఆ రోజే చూపించుకుని ఈసీజీ తీయించండి. థైరాయిడ్ ఉంది కదా అని అన్నీ దాని మీదే వేయకండి. గుండెలో విద్యుత్ ప్రసారం దెబ్బతిన్నా నాడి ఇలాగే పడిపోతుంది.

ఇక మాత్ర సంగతి. పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని, కాఫీకి కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. ఉపవాసం రోజు చాలామంది కాఫీ, పాలతోనే గడుపుతారు. మాత్ర వాటితో కలిస్తే ఒంటికి సరిగ్గా పట్టదు. కాల్షియం, ఐరన్ మాత్రలకైతే నాలుగు గంటల ఎడం ఉండాలి. నక్షత్రం చూసేదాకా నీళ్ళు కూడా ముట్టనివాళ్ళకు ఒక దారి ఉంది. రాత్రి భోజనం అయ్యాక మూడు గంటలు ఆగి, పడుకునే ముందు వేసుకోవచ్చు. డాక్టరును అడిగి అలా మార్చుకోండి. ఒక్కరోజు మర్చిపోతే కొంప మునగదు, ఈ హార్మోన్ ఒంట్లో రోజుల తరబడి ఉంటుంది. వారాల తరబడి మానేస్తేనే ముప్పు. నాడి తగ్గిందని సొంతంగా రెండు మాత్రలు వేసుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. వయసు పైబడినవాళ్ళకు దానివల్ల గుండెదడ, లయ తప్పడం, ఛాతీనొప్పి రావచ్చు.

భవానీ మాల, అయ్యప్ప మాల వేసుకునేవాళ్ళు రోజూ రెండు పూటలా చన్నీళ్ళ స్నానం, ఒంటిపూట భోజనం చేస్తారు. మాల వేసుకోకముందే గురుస్వామికి మీ ఆరోగ్యం సంగతి చెప్పండి.

ఘాటుకు వెళ్ళేటప్పుడు ఒంటరిగా వెళ్ళకండి. మునిగే ముందు చెంబుతో పాదాలు, చేతులు, భుజాలు తడుపుకోండి. నాడి తక్కువగా ఉన్న ఏడాది నెత్తిన నీళ్ళు చల్లుకుని వచ్చేసినా తప్పులేదని నా గట్టి నమ్మకం. పొడి బట్టలు సంచిలో పైనే ఉంచుకోండి.

ఎవరైనా స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పన్నా, మగతగా పడిపోయి పిలిస్తే సరిగ్గా పలకకపోయినా 108కి ఫోన్ చేయండి. ముఖం ఉబ్బి, ఒళ్ళు చల్లబడి, మగతగా ఉంటే థైరాయిడ్ బాగా పడిపోయిన అత్యవసర స్థితి కావచ్చు. అరుదు గానీ ప్రాణం మీదికి వస్తుంది. తడి బట్టలు మార్చి దుప్పటి కప్పండి. కుంపటి దగ్గర కూర్చోబెట్టి కాచకండి, నోట్లో కాఫీ పోయకండి. అంబులెన్సులో వచ్చినవాళ్ళకు ముందు చెప్పాల్సింది, థైరాయిడ్ మాత్ర ఎన్నాళ్ళ నుంచి మానేశారన్నది.