బయానా చేతిలో పెట్టేముందు ఆ అగ్రిమెంట్ ఒకసారి చదవండి

ఆషాఢంలో రిజిస్ట్రేషన్లు తగ్గుతాయి గానీ బయానాలు మాత్రం ఆగవు. "శ్రావణం రాగానే రిజిస్ట్రేషన్ పెట్టుకుందాం, ఈలోపు ఓ ఐదు లక్షలిచ్చి అగ్రిమెంట్ రాయించుకోండి సార్, వేరే పార్టీ రెడీగా ఉంది" అంటూ బ్రోకర్ తొందరపెడతాడు. వేరే పార్టీ ఎప్పుడూ రెడీగానే ఉంటుంది లెండి. ఆ టెన్షన్‌లో డాక్యుమెంట్ రైటర్ పాత ఫార్మాట్‌లో పేర్లు మార్చి ఇచ్చిన వంద రూపాయల స్టాంపు కాగితం మీద చదవకుండానే సంతకం పెట్టేస్తాం. గొడవ వచ్చి కోర్టుకెళ్తే జడ్జి ముందు ఉండేది ఆ కాగితమే.

ముందు ఒకటి తెలుసుకోండి: అగ్రిమెంట్ రాసుకున్నంత మాత్రాన స్థలం మీది కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 54 ప్రకారం అమ్మకపు అగ్రిమెంట్ వల్ల ఆస్తి మీద ఏ హక్కూ రాదు, రిజిస్టర్డ్ సేల్ డీడ్ చేయించుకునే హక్కు మాత్రమే వస్తుంది. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే మన తరఫున పనులు చేసే అధికారం ఇచ్చే పత్రం) రాయించుకుని "కొనేశాం" అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, దానివల్ల యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టంగా చెప్పింది.

ఇక ఒప్పందం ఎక్కడ పుడుతుందంటే, ఒకరు ప్రతిపాదించి, ఇంకొకరు దాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకున్నప్పుడు. అమ్మే ఆయన ఎకరం ముప్పై లక్షలని వాట్సాప్‌లో పెట్టాడు, మీరు "ఇరవై ఎనిమిదికి చూడండి" అన్నారు. అంతే, ఆయన ప్రతిపాదన అక్కడితో పోయింది, మీది కొత్త ప్రతిపాదన. వారం తర్వాత "సరే, ముప్పైకే తీసుకుంటా" అన్నా ఆయన ఇవ్వాల్సిన పనిలేదు. నోటిమాటకు చట్టంలో విలువ లేదని కాదు, నిరూపించుకునేసరికి తాతలు దిగొస్తారు.

సంతకం ఎవరు పెడుతున్నారన్నది అన్నిటికంటే ముఖ్యం. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం మైనరుతో ఒప్పందం చెల్లదు, ఇది 1903లో ప్రివీ కౌన్సిల్ తేల్చేసిన విషయం. మైనరు పేరున ఉన్న ఆస్తిని తండ్రి అమ్ముతానన్నా సరే, హిందూ మైనారిటీ చట్టం ప్రకారం కోర్టు అనుమతి ఉందా అని అడగండి. ఇంకా ఎక్కువ ఇబ్బంది ఉమ్మడి ఆస్తితో వస్తుంది. పెద్దాయన ఒక్కడే సంతకం పెడతాడు, పెళ్లై వెళ్లిన కూతురి ఊసే ఉండదు, ఆమె వాటా అడుగుతూ నోటీసు పంపితే అప్పుడు మీరు ఇరుక్కుంటారు. కాబట్టి వాటా ఉన్న ప్రతి ఒక్కరి సంతకం ఉండాలి. ఈసీ (ఆస్తి మీద పాత లావాదేవీలు, తాకట్లు చూపించే పత్రం) తీయించండి, సర్వే నంబరు 22ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) ఉందేమో చూడండి, అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకిచ్చినది) అయితే అసలు అమ్మే వీలుందో లేదో ముందు తేల్చుకోండి.

డబ్బు దగ్గరకొద్దాం. కాగితం మీద 'బయానా' అని రాసి, కొనేవాళ్లు మాట తప్పితే జప్తు అని స్పష్టంగా ఉంటే, మీరు వెనక్కి తగ్గినప్పుడు అమ్మేవాళ్లు దాన్ని ఉంచేసుకోవచ్చు. ఉత్తి అడ్వాన్స్‌గా, ధరలో భాగంగా ఇచ్చినదైతే అలా ఉంచుకోవడానికి లేదు. అందుకే బయానా చిన్న మొత్తమే పెట్టి, మిగతాది ధరలో భాగమని విడిగా రాయించండి. అమ్మేవాళ్లు తప్పితే రెట్టింపు ఇస్తామన్న మాట కూడా చాలా అగ్రిమెంట్లలో ఉంటుంది, దాన్ని చూసి మురిసిపోకండి. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం కోర్టు ఇప్పించేది సబబైన పరిహారం, రాసుకున్న మొత్తం దానికి గరిష్ఠ హద్దు మాత్రమే. ఇరవై వేలు, ఆపైన నగదు వద్దు. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం జరిమానా తీసుకున్నవాడికే పడుతుంది, కానీ ఇచ్చినట్టు రుజువు లేకపోతే నష్టపోయేది మీరు.

ఇప్పుడు గడువు. మామూలుగా కాగితంలో "మిగతా సొమ్ము మూడు నెలల్లో చెల్లించి రిజిస్ట్రేషన్ చేయించుకోవలెను" అని ఉంటుంది. చూడండి, ఇందులో భారమంతా మీ మీదే. ఆయన ఈలోపు సర్వే చేయించాలా, బ్యాంకు తాకట్టు విడిపించాలా, లింకు డాక్యుమెంట్లు (ఆస్తి ఆయనకెలా వచ్చిందో చూపే పాత పత్రాలు) ఇవ్వాలా, దాని ఊసే లేదు. "అమ్మకందారు ఫలానా తేదీలోగా తాకట్టు విడిపించి, అసలు పత్రాలు చూపించిన 15 రోజుల్లో కొనుగోలుదారు మిగతా సొమ్ము చెల్లిస్తారు" అని రాయించండి. గడువుకు మిగతా సొమ్ము మీ దగ్గర సిద్ధంగా ఉందని చూపించుకోవాలి కూడా, బ్యాంకు స్టేట్‌మెంటు, లోను మంజూరు లేఖ, లాయరు నోటీసు దాచుకోండి. "డబ్బు ఉంది, నేను రెడీ" అని నోటితో చెబితే కోర్టులో సరిపోదు.

అమ్మే ఆయన రిజిస్ట్రేషన్ చేయనని మొండికేస్తే కేసు వేయడానికి మూడేళ్లు, గడువు తేదీ నుంచి లెక్క. 2025 ఆగస్టు 20 గడువైతే 2028 ఆగస్టు 20 వరకు. తేదీ రాయకపోతే, ఆయన కుదరదన్నాడని మీకు తెలిసిన రోజు నుంచి. "ఈ దసరాకి చేస్తా, సంక్రాంతికి చేస్తా" అంటూ తిప్పించుకుని మూడేళ్లు గడిపేసే ఘనులున్నారు జాగ్రత్త. గడువు పొడిగిస్తే అదే అగ్రిమెంట్ వెనక రాసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. కేసు వేసేటప్పుడు, రిజిస్ట్రేషన్ కుదరకపోతే అడ్వాన్స్ తిరిగి ఇప్పించాలని కూడా అదే దావాలో అడగమని లాయరుకు చెప్పండి, అడక్కపోతే రాదు.

స్టాంపు డ్యూటీలో పిసినారితనం వద్దు. తక్కువ స్టాంపుతో తెచ్చిన కాగితాన్ని కోర్టు చూడాలంటే మిగతా డ్యూటీతో పాటు దానికి పది రెట్ల దాకా జరిమానా కట్టమంటారు. స్వాధీనం కూడా ఇచ్చినట్టు రాస్తే మన రెండు రాష్ట్రాల్లో దాన్ని అమ్మకంగానే లెక్కేసి పూర్తి డ్యూటీ అడుగుతారు.

కొత్త ప్రాజెక్టులో ఫ్లాట్ కొనేవాళ్లకైతే చట్టమే కొంత సాయం చేసింది. 2016 రెరా చట్టం (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) సెక్షన్ 13 ప్రకారం అగ్రిమెంట్ రాసి రిజిస్టర్ చేయకుండా బిల్డర్ ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. "ప్రీ లాంచ్ రేటు, వంద శాతం కట్టేస్తే సగం ధరకే" అని ఎవరైనా అంటే ముందు ఆ ప్రాజెక్టు రెరా రిజిస్ట్రేషన్ నంబరు అడగండి.