ఇంట్లో డెబ్ ఫైళ్లు పంచుకుంటున్నారా? అప్‌గ్రేడ్‌కి ముందు ఇవి చూసుకోండి

లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటుకి ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే వెర్షన్, అంటే ఎల్‌టీఎస్, రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో వస్తుంది. పాత ఎల్‌టీఎస్ వాడేవాళ్లకి అప్‌గ్రేడ్ కబురు మాత్రం మరికొన్ని నెలలకు, మొదటి పాయింట్ రిలీజ్ (సవరణలు చేర్చిన వెర్షన్) వచ్చాక అందుతుంది. ఇంట్లో మూడు మెషిన్లుంటే అవే డెబ్ ఫైళ్లు (ఉబుంటు సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు) మూడుసార్లు దిగుతాయి. మొబైల్ డేటాతో నెట్టుకొచ్చేవాళ్లకి అది భారమే.

ప్యాకేజీలు దించి ఎక్కించే టూల్ యాప్ట్. అందరికీ ముందు తట్టేది అది దించిన ఫైళ్లు దాచుకునే క్యాష్ ఫోల్డర్‌ని ఎన్ఎఫ్ఎస్‌తో (నెట్‌వర్క్‌లో ఫోల్డర్లు పంచుకునే పద్ధతి) షేర్ చేయడం. నేనూ చేశాను, మీరు చేయొద్దు. రెండు మెషిన్లు ఒకేసారి అప్‌డేట్ మొదలుపెడితే లాక్ (ఒకసారికి ఒకరే వాడేలా చూసేది) దగ్గర తగువు. ఒకచోట 'యాప్ట్ క్లీన్' కొడితే అందరి ఫైళ్లూ ఊడ్చుకుపోతాయి. పైగా ఉబుంటు 16.04 నుంచి 'యాప్ట్' కమాండ్ ఇన్‌స్టాల్ అవగానే డెబ్ ఫైళ్లను తనే తీసేస్తుంది, 'యాప్ట్-గెట్' అయితే ఉంచుతుంది. అది తెలియక, ఖాళీ ఫోల్డర్‌లో ఫైళ్లు వెతుక్కుంటూ ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నాను.

దానికి బదులు ఎప్పుడూ ఆన్‌లో ఉండే మెషిన్‌లో యాప్ట్-క్యాషర్-ఎన్‌జీ పెట్టండి. 3142 పోర్టులో కూర్చుని, ఒకరు అడిగిన ఫైల్‌ని దాచి రెండోవాళ్లకి అందిస్తుంది. ఆ మెషిన్ ఐపీ మారకుండా రౌటర్‌లో కట్టేయండి. 3142ని బయటి ఇంటర్నెట్‌కి మాత్రం ఎప్పుడూ తెరవొద్దు. హెచ్‌టీటీపీఎస్‌తో నడిచే రిపోల (ప్యాకేజీలు ఉండే సర్వర్ల) ఫైళ్లను దాచిపెట్టడం మామూలుగా దీనివల్ల కాదు. స్నాప్‌లు (ఉబుంటులో మరో రకం ప్యాకేజీలు) యాప్ట్ దారిలో రావు, ఉబుంటు ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గానే వస్తుంది కాబట్టి ఉబుంటు ఫైర్‌ఫాక్స్‌కి ఇక్కడ ఆదా ఏమీ ఉండదు.

అసలు భయపడాల్సింది పెన్‌డ్రైవ్‌లో తిరిగే డెబ్ ఫైళ్ల గురించి. యాప్ట్ రిపో నుంచి తెచ్చుకునేటప్పుడు ముందు డిజిటల్ సంతకం ఉన్న ఇండెక్స్ (ప్యాకేజీల జాబితా) చూస్తుంది, తర్వాత అందులోని చెక్‌సమ్‌తో (ఫైల్ మారిందో లేదో చెప్పే కోడ్) ప్రతి ఫైల్‌నీ పోల్చుకుంటుంది. అందుకే క్యాషర్ మధ్యలో ఉన్నా, ఫైల్ పాడైతే దొరికిపోతుంది. అదే ఫైల్‌ని మీరు 'డీపీకేజీ' కమాండ్‌తో నేరుగా ఎక్కిస్తే ఆ కాపలా లేదు. ఇంట్లోనే సొంత రిపో కట్టుకుని, సంతకం ఎర్రర్‌తో విసుగొచ్చి రిపో సెట్టింగ్‌లో 'ట్రస్టెడ్ ఈక్వల్స్ యెస్' (సంతకం చూడకుండా నమ్మేయమని) రాసేసినా అంతే సంగతి. ఎర్రర్ వస్తే సంతకాన్ని సరిచూసే కీని సరిచేయండి, ఎర్రర్ నోరు నొక్కకండి. 22.04 ఫైళ్లను 24.04లో చేత్తో ఎక్కిస్తే డిపెండెన్సీలు (ఒక ప్యాకేజీకి కావాల్సిన మిగతా ప్యాకేజీలు) చిక్కుపడతాయి. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌కి, ఇంటెల్ డెస్క్‌టాప్‌కి ప్యాకేజీలే వేరు.

అప్‌గ్రేడ్ రోజున ముందు బ్యాకప్ తీసి, పోయినా ఫర్వాలేదనుకునే మెషిన్‌తో మొదలుపెట్టండి. క్యాషర్ ఉన్న మెషిన్‌ని చివరికి ఉంచండి. అది మధ్యలో రీస్టార్ట్ అయితే మిగతావాటి డౌన్‌లోడ్లు తెగిపోతాయి. కరెంటు సంగతి మీకు చెప్పక్కర్లేదు. క్యాషర్‌తో పాటు రౌటర్‌ని కూడా యూపీఎస్‌కి తగిలించండి. డిస్కులో జాగా ముందే చూసుకోండి.

లాప్‌టాప్‌తో పండక్కి ఊరెళ్తుంటే యాప్ట్‌ని ఇంటి క్యాషర్ వైపు తిప్పే ప్రాక్సీ లైను సెట్టింగ్స్‌లోంచి తీసి మరీ వెళ్లండి. లేకపోతే అక్కడ యాప్ట్ మీ ఇంటి సర్వర్‌ని వెతుక్కుంటూ ఎర్రర్లు కొడుతుంది.