ఆకు సారంలో పచ్చదనం వదలట్లేదా? సమస్య - పరిష్కారం

హైదరాబాద్ కాలేజీ ల్యాబుల్లో ఎమ్మెస్సీ ప్రాజెక్టులంటే మునగాకు, వేపాకు, కరివేపాకు ఎక్కువ. ఏ ఆకైనా టెన్షన్ ఒక్కటే, ఆకుకు పచ్చదనమిచ్చే క్లోరోఫిల్ (పత్రహరితం). దాన్ని తీసే పని మొదలుపెట్టే ముందు మీకు కావాల్సిన పదార్థం ఏదో తేల్చుకోండి. పద్ధతి దాన్నిబట్టే ఉంటుంది.

ఆకు పొడిని ముందే సాక్స్‌లెట్ పరికరంలో హెక్సేన్‌ ద్రావకంతో కడిగినా మిథనాల్ సారం ముదురు ఆకుపచ్చగానే వచ్చింది

ఆకులో క్లోరోఫిల్ ప్రొటీన్లను అంటిపెట్టుకుని ఉంటుంది. హెక్సేన్ మైనాన్ని, కొవ్వును లాగుతుంది గానీ ఆ పట్టును సరిగ్గా విడిపించలేదు. మిథనాల్ విడిపిస్తుంది. అందుకే అసలు శుద్ధి సారం తీశాకే చేయాలి. ఎండబెట్టిన సారాన్ని 90 శాతం మిథనాల్‌లో కరిగించి, సమాన పరిమాణం హెక్సేన్‌తో సెపరేటింగ్ ఫన్నెల్‌లో (ద్రవాల పొరలను విడదీసే, అడుగున కుళాయి ఉన్న గరాటు) మూడుసార్లు కడగండి.

కడిగినా పచ్చ ఛాయ మిగిలింది

ఇది ఎక్కువగా క్లోరోఫిల్-బి. ఎ-రకం హెక్సేన్‌లోకి తేలిగ్గా పోతుంది. బి-రకానికి ధ్రువత్వం (పోలారిటీ) కాస్త ఎక్కువ కాబట్టి మిథనాల్‌లోనే ఉండిపోతుంది. నీటి శాతాన్ని మెల్లగా పెంచి మళ్లీ కడగండి. లేదా మిథనాల్‌ను ఆవిరి చేసి, నీళ్లు కలిపి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, సెలైట్ (వడపోతకు వాడే మెత్తని మట్టి పొడి) మీదుగా వడకట్టండి. ఫినాలిక్స్ (ఫినాల్ వర్గపు ఆకు పదార్థాలు) కోసం పనిచేసేవాళ్లకు ఈ రెండో దారే నాకు నచ్చుతుంది, ఖర్చు తక్కువ. స్టెరాల్స్, టర్పీన్లు లాంటి నూనె స్వభావమున్న పదార్థాలు కావాలంటే మాత్రం జాగ్రత్త. అవి హెక్సేన్ పొరలోకి వెళ్లిపోతాయి. టీఎల్‌సీ (పూత పూసిన పలక మీద పదార్థాలను మచ్చలుగా విడదీసే పరీక్ష) చూడకుండా ఆ పొరను పారబోయకండి.

పొరలు విడిపోకుండా నురగ కట్టింది

ఆకులో సబ్బులా నురగనిచ్చే సపోనిన్ల పని ఇది. గట్టిగా కుదపకుండా మెల్లగా తిప్పండి. కొంచెం చిక్కటి ఉప్పునీరు కలపండి, లొంగకపోతే సెంట్రిఫ్యూజ్‌లో వేగంగా తిప్పండి. మే నెలలో హెక్సేన్‌కు బదులు 40-60 పెట్రోలియం ఈథర్ (40-60 డిగ్రీల మధ్య మరిగేది) వాడితే ఫన్నెల్‌లో ఒత్తిడి త్వరగా పెరుగుతుంది. ప్రతి కుదుపు తర్వాతా గ్యాస్ వదలాలి. దగ్గర్లో మంట ఉండకూడదు.

చార్‌కోల్ వేశాక రంగు పోయింది, సారం పనిచేసే గుణం (యాక్టివిటీ) కూడా పోయింది

యాక్టివేటెడ్ చార్‌కోల్‌కు క్లోరోఫిల్, ఫ్లేవనాయిడ్ (ఒక రకం ఫినాలిక్) అనే తేడా లేదు. బల్లపరుపు నిర్మాణమున్న ఆరోమాటిక్ వలయాలన్నిటినీ పట్టుకుంటుంది. దీన్ని చివరి ప్రయత్నంగానే ఉంచండి. తప్పనిసరైతే కొద్ది భాగం మీద, కొద్దిపాటి చార్‌కోల్‌తో, కొద్దిసేపే చేసి, ముందూ తర్వాతా మొత్తం ఫినాలిక్స్ కొలిచి పోల్చండి.

ఆకుపచ్చ పోయి బూడిద-గోధుమ రంగు వచ్చింది

పత్రహరితం పోలేదు, ఫియోఫైటిన్‌గా మారింది. ఆమ్లం వల్లో వేడి వల్లో మధ్యలోని మెగ్నీషియం ఊడిపోయింది. టీఎల్‌సీలో బూడిదరంగు మచ్చగా కనిపిస్తుంది. ఎండాకాలంలో ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు వేడిగా ఉండి రోటావాప్ (ద్రావకాన్ని తక్కువ ఒత్తిడిలో ఆవిరి చేసే యంత్రం) కండెన్సర్ సరిగా చల్లబడదు. పని నెమ్మదించిందని దాని బాత్ (వేడినీళ్ల తొట్టి) వేడి పెంచేస్తారు. బాత్‌ను 40 డిగ్రీలు దాటనివ్వకండి. బదులుగా కండెన్సర్‌లో ఐస్ నీళ్లు తిప్పండి.

ఫ్లేవనాయిడ్ రీడింగ్ నమ్మలేనంత ఎక్కువగా వచ్చింది

అల్యూమినియం క్లోరైడ్ పరీక్షను 415 నానోమీటర్ల దగ్గర చదువుతారు. క్లోరోఫిల్ కూడా దాదాపు అక్కడే బలంగా కాంతిని పీల్చుకుంటుంది. ప్రతి శాంపిల్‌కూ అల్యూమినియం క్లోరైడ్ లేని బ్లాంక్ (పోల్చడానికి అదే సారంతో పెట్టే నమూనా) పెట్టి ఆ రీడింగ్ తీసేయండి. ప్రాజెక్టుకు ఈ కొలత ఒక్కటే చాలనుకుంటే, రంగు కొద్దిగా ఉన్న సారానికి శుద్ధి లేకుండానే ఈ బ్లాంక్‌తో పని జరిగిపోతుంది.